అన్న ఏరిన చిలపలు

నెల కిందట నా కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పిన మరునాటి పొద్దున మంచం మీది దుప్పటి చూసి, తెల్లదుప్పటికి ఇంత నీలిమందు ఎవరు పెట్టమన్నారని కోడలి మీద కేకలు వేశాను. ఆ పిల్ల పాపం, మనింట్లో నీలిమందు వాడి పాతికేళ్ళు దాటిందత్తయ్యా అని నెమ్మదిగా చెప్పింది. అప్పుడు కుడికన్ను మూసుకొని ఎడమకంటితో చూశాను కదా, అదే దుప్పటి పసుపునీళ్ళలో జాడించి పరిచినట్టు కనిపించింది. నా ఈడువాళ్ళలో ఈ ఆపరేషన్ కానివాళ్ళు ఎందరున్నారు గనుక, మీకు నేను కొత్తగా చెప్పేదేముంది! మరుసటి వారం చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, మా మనవడి వయసున్న డాక్టరు, కొత్త కన్ను చూసేదే సరి అనీ, పాత కంట్లోని అద్దం ఏళ్ళ తరబడి పసుపెక్కిపోయిందనీ, ఆ సంగతి దానికే తెలియదనీ చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఒక కన్ను సరి, ఒక కన్ను తప్పు అని డాక్టరు నోట వినడం నాకిది మొదటిసారి కాదు. మొదటిసారి విన్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తప్పని తేలింది మా అన్న కన్ను.

అప్పట్లో మేము కబ్బన్‌పేటలో, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒత్తుకొని దారి ఇవ్వవలసినంత ఇరుకైన సందులో ఉండేవాళ్ళం. సందు పొడుగునా మగ్గాలే. అన్నీ మన తెలుగువాళ్ళవే, తాతల నాడు సరిహద్దు అవతలి ఊళ్ళ నుంచి వచ్చి బెంగళూరులో పాతుకుపోయిన కుటుంబాలవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం, సంత దగ్గర అరవం, ఏ భాషలో మొదలుపెట్టిన మాట ఏ భాషలో ముగుస్తుందో చెప్పలేని బతుకు. మా ఇంట్లో మాత్రం మగ్గం లేదు. మా నాయన పట్టుకు రంగు వేసేవాడు. నేతగాళ్ళు తెల్లపట్టు పోగులను చుట్టలు చుట్టి, వాటినే మేము చిలపలనేవాళ్ళం, తెచ్చి మా అరుగు మీద పెట్టి, ఏ రంగు కావాలో చెప్పి పోయేవారు. పెరట్లో రంగు కాచే రెండు పెద్ద రాగి అండాలు, మెడదాకా భూమిలో పాతిన నీలిబాన, ఆరవేయడానికి వెదురు దండేలు ఉండేవి. నీలిబాన పులిసినప్పుడు వచ్చే కంపు నా గౌనుకు పట్టి, బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. ఆ పిల్ల మీద నాకిప్పటికీ కోపమే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంతకీ నేను చెప్పబోయేదంతా ఆ పద్ధతి వల్లనే వచ్చింది గనుక కాస్త నిదానంగా చెబుతాను. రంగు వేసిన చిలపలను ఆరవేసేటప్పుడు, అవి కంటికి ఎలా కనిపిస్తున్నాయన్నది మేము చూసేవాళ్ళం కాదు, మొదటి ముంపు దేంట్లో పడిందన్నది చూసేవాళ్ళం. మొదట పసుపులో మునిగినవన్నీ ఒక దండెం మీదికి పోయేవి. ఒట్టి పసుపు ఉండేది, దాన్నే నీలిబానలో ఒక్కసారి ముంచి తీస్తే చిగురు రంగు, రెండుసార్లు ముంచితే చిలక రంగు, మూడోసారికి ముదురాకు. పసుపు మీదనే కరక్కాయ కషాయం పడితే గోధుమ, అందులో ఇనుపముక్కలు నానిన నీళ్ళు నాలుగు చుక్కలు పడితే బూడిద. ఇవన్నీ ఒకే దండెం మీద, ఒక తల్లి పిల్లల్లాగా పక్కపక్కనే వేలాడేవి. మొదట నీలిలో మునిగి ఆ తరువాత పసుపు తాకినవి మాత్రం, చూడ్డానికి ఎంత ఆకులాగా ఉన్నా, నీలి దండెం మీదికే పోవలసిందే. రంగుకు పుట్టిల్లు చూడాలనేది మా అవ్వ, అంటే నాయన తల్లి. పసుపింటి పిల్ల నీలివారింటి కోడలై చిగురు రంగయింది గానీ, అంతమాత్రాన పుట్టిల్లు మారుతుందా అనేది.

ఇది ముసలామె చాదస్తమనుకునేరు, కానే కాదు. చీర సగం నేశాక పట్టు చాలక నేతగాడు మళ్ళీ వచ్చాడనుకోండి, కంటికి సరిపోల్చి రంగు వేసి ఇస్తే ఆనాటికి చీర చక్కగానే ఉంటుంది. నాలుగు ఉతుకులు పడి, రెండు వేసవులు ఎండ తగిలాక, పసుపు పుట్టుక ఉన్న సగం ఒక దారిన, నీలి పుట్టుక ఉన్న సగం ఇంకో దారిన వెలిసి, కట్టుకున్నామె నడుము దగ్గర గీత గీసినట్టు రెండు ముక్కలై కనబడుతుంది. అందుకని మా ఇంట్లో ఒకే రంగు అంటే ఒకేలా పుట్టి ఒకేలా ముసలివయ్యేవని అర్థం. ఈ రోజు ఒకేలా కనిపించడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు.

మన భాష కూడా ఇందుకు తోడైంది. పసుపు కొమ్మునూ పచ్చన అంటాము, మామిడాకునూ పచ్చన అంటాము, బంగారు ఛాయ ఉన్న పిల్లను చూసి పచ్చని పిల్ల అంటాము, మనకేమీ తికమక ఉండదు. మా అవ్వకు ఆ రెండూ వేరు వేరు రంగులని ఎవరైనా చెబితే, లేతకొబ్బరీ ముదురుకొబ్బరీ వేరు వేరు కాయలా అని అడిగి ఉండేది. నేను బడికి పోయాకనే నాకు ఆ రెంటి మధ్యా గోడ లేచింది. మా కన్నడబడి గోడకు రంగుల పటం ఒకటి వేలాడేది, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రంగు, కింద దాని పేరు. హళది, అంటే పసుపు, ఒక గడిలో, హసిరు, అంటే ఆకుపచ్చ, ఇంకొక గడిలో, నడుమ నల్లటి గీత. పంతులమ్మ బెత్తం పెట్టి చూపిస్తూ ఉంటే నలభైమందిమి గొంతెత్తి చెప్పేవాళ్ళం. కొన్నాళ్ళకు ఇంటికొచ్చి దండెం చూసినా నాకు నడుమ ఆ గీత కనబడేది. ఇంట్లో ఒక చూపు, బళ్ళో ఒక చూపు, రెండూ నా దగ్గర ఉండేవి. ఎక్కడికి పోతే అక్కడిది తీసేదాన్ని, ఎవరికీ చెప్పాలని తోచలేదు.

అన్న బడికి పోలేదు. ఏడో ఏటినుంచే అవ్వ పక్కన నీలిబాన దగ్గర కూర్చున్నాడు. వాడి కంటిని గురించి సందంతా చెప్పుకునేవారు. ఎవరో పాతచీర కొంగునుంచి ఒక్క పోగు లాగి ఇస్తే, ఎండకు పట్టి చూసి, ఇది రెండు ముంపులది, రెండోది తొందరపడి తీసేశారు, ముంచింది మా నాయన కాదు అవ్వే అని చెప్పేవాడు. అవ్వ ఒప్పుకునేది కాదు, కానీ లోలోపల పొంగిపోయేదని ఆమె ముఖం చూస్తే తెలిసేది. పందెం వేసి ఓడినవాళ్ళు ఉన్నారు గానీ గెలిచినవాళ్ళు లేరు. నాకు వాడు తొమ్మిదేళ్ళు పెద్ద. నన్ను భుజం మీద ఎక్కించుకొని దండేల కింద తిప్పుతూ ఇదెవరింటి పిల్ల, అదెవరింటి పిల్ల అని అడిగేవాడు, తప్పు చెబితే చెవి మెలేసేవాడు.

ఇంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. సీమ నుంచి ఓడల మీద వచ్చే రంగుపొడి డబ్బాలు మొదట కరువైనాయి, అప్పుడు మాకు మంచే జరిగింది, పొడులకు అలవాటుపడి మమ్మల్ని మరిచిపోయిన నేతగాళ్ళంతా పసుపూ నీలీ వెతుక్కుంటూ మా అరుగెక్కారు. ఆ సంబరం ఏడాది కూడా నిలవలేదు. ఈసారి పట్టే రావడం మానేసింది. పారాచూట్లకు పోతున్నదని ఒకరు, దాచిపెట్టి అమ్ముతున్నారని ఒకరు అనేవారు, ఏదైతేనేం, మా సందులో మగ్గాలు ఒక్కొక్కటే మూగబోయాయి. ఖాళీ దండేల మీద కాకులు వాలుతుండేవి. మా అమ్మ రాగిపిండిలో నీళ్ళు ఎక్కువ పోయడం మొదలుపెట్టింది. అన్నకు పద్దెనిమిది నిండాయి. వాడికి వేరే పని చూడక తప్పదని నాయనకు అర్థమైంది గానీ నోటితో అనలేకపోయాడు, ఆ మాట మా అమ్మే అన్నది.

అమ్మ తమ్ముడు, మా మేనమామ, రైలింజన్లు నిలిపే షెడ్డులో పనిచేసేవాడు. ఇంజన్ మీద బొగ్గు వేసే పనికి మనుషులను తీసుకుంటున్నారనీ, నాలుగేళ్ళు కష్టపడితే ఇంజన్ నడిపేవాడి పక్కన నిలబడవచ్చుననీ కబురు తెచ్చాడు. ఒంట్లో బలం చూస్తారు, ఆ తరువాత కంటి పరీక్ష, సిగ్నల్ దీపాలు తెలియాలి గనుక రంగుల పరీక్ష తప్పదు అన్నాడు. ఆ మాట వినగానే ఎన్నో నెలల తరువాత మా ఇంట్లో అందరూ ఒక్కసారిగా నవ్వారు.

"మన పిల్లోనికి రంగుల పరీక్షా! చేపపిల్లకు ఈత పరీక్ష పెట్టినట్ల ఉండాది గదప్పా," అన్నది అవ్వ.

నాయన ఆ మాటను సందంతా మోసుకుపోయాడు. ఎవరు ఎదురైనా ఆపి, మావాడికి రంగుల పరీక్షంట అని చెప్పి, వాళ్ళు నవ్వేదాకా నిలబడేవాడు. ఒక్క భయం మాత్రం ఉండింది, డాక్టరు రంగుల పేర్లు ఇంగ్లీషులో అడుగుతాడేమోనని. ఆ భయం తీర్చే పని నా మీద పడింది. మూడు రోజులు అరుగు మీద కూర్చోబెట్టి అన్నకు రెడ్డు, గ్రీను, ఎల్లో నేర్పాను. బెత్తం లేదు గనుక గరిటె పట్టుకున్నాను. వాడు గ్రీనును గిరీను అనేవాడు, నేను గరిటెతో మోకాలి మీద ఒకటి వేసేదాన్ని, అమ్మ లోపలినుంచి నవ్వేది. మా ఇంటి బాధలన్నీ ఆ మూడు రోజులూ ఎక్కడికో పోయాయి. దొంగ పెరటి వైపు నుంచి వచ్చే ఇంట్లో వీధి తలుపుకు రెండు గొళ్ళాలు పెట్టుకున్నట్టయిందని అప్పుడు తెలియదు.

పరీక్షకు పోయిన అన్న మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాడు. కాళ్ళు కడుక్కోకుండానే అవ్వ ముందు కూర్చొని చెప్పడం మొదలుపెట్టాడు. డాక్టరు పేర్లేమీ అడగలేదట. ఒక చెక్కపెట్టె నిండా రంగురంగుల ఉన్ని చిలపలు, చిటికెన వేలంతవి, బల్ల మీద కుమ్మరించి, అందులోంచి లేత చిగురు రంగుదొకటి విడిగా తీసిపెట్టి, ఈ రంగులోనే దీనికన్నా లేతవీ ముదురువీ అన్నీ ఏరి దీని పక్కన పెట్టమన్నాడట. చిలపలు చూడగానే నాకు మన పెరట్లో ఉన్నట్టే అయిందని వాడు నవ్వుతూ చెప్పాడు. చిగురు పక్కన చిలక, ముదురాకు పెట్టాడు, లేతవి ఏరమన్నారు గనుక, నీలిలో ఒక్క ముంపు కూడా పడని ఒట్టి పసుపులు రెండు పెట్టాడు, ఆపైన గోధుమ, బూడిద. ఆకులాగా కనిపిస్తూ మోసం చేసేవి మూడున్నాయి, నీలి పుట్టుకవి, వాటిని మాత్రం పట్టుకొని దూరంగా నెట్టేశాడు. డాక్టరు నన్ను బోల్తా కొట్టించాలనే అవి కలిపి ఉంటాడవ్వా, నేను చిక్కుతానా అన్నాడు. అవ్వ మెటికలు విరిచింది. నాయన ఆ మూడింటినీ ఎలా కనిపెట్టావని మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు.

నాకు మాత్రం బడిగోడ మీది పటం కళ్ళముందు నిలిచింది. పసుపులు హసిరు గడిలోకి రావు, నెట్టేసిన మూడూ ఆ గడిలోవే. తొమ్మిదేళ్ళ పిల్లను, ఆ మాట పైకి అనాలో వద్దో తెలియలేదు. అంటే అంత సంతోషాన్నీ నేనే ఆర్పేసినట్టవుతుంది, పైగా ఇంతమంది పెద్దవాళ్ళు ఒప్పుకున్నది తప్పని నేనెలా చెప్పడం. అన్న నా జడ లాగి, నీ గిరీను పనికి రాలేదే పాపా అన్నాడు. నేను లోపలికి పోయి మంచినీళ్ళు తాగాను.

వారం తరువాత మేనమామ కాగితం పట్టుకొని వచ్చాడు. చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"కండ్లు బాగానే ఉండాయంట బావా. రంగులే తెలీవని రాసిచ్చినారు," అన్నాడు, నాయన ముఖం చూడకుండా.

ముందు ఎవరూ నమ్మలేదు. వేరేవాళ్ళ కాగితం ఇచ్చారేమోనని నాయన దాన్ని తలకిందులుగా కూడా చూశాడు, ఆయనకు చదువు రాదు. అన్న పేరు, నాయన పేరు చదివి చెప్పినదాన్ని నేనే. మాటను దాచగలిగితే బాగుండేది గానీ, సందంతా చెప్పుకొన్న మాట గనుక సందంతా తిరిగి అడిగింది. మొదట్లో వేళాకోళమే. రంగులేసేవాళ్ళ కొడుక్కు రంగులు తెలియవంట అని నవ్వి, వాళ్ళే మళ్ళీ డాక్టరును తిట్టిపోయేవారు. కానీ ఎక్కడినుంచో కాస్త పట్టు దొరికి, కూతురి పెళ్ళిచీర నేసుకుంటున్న ఎదురింటాయన, మా అరుగు మీద పెట్టిన చిలపలను సాయంత్రం తిరిగి తీసుకోవడానికి వచ్చాడు. ఆయన మంచివాడే. తలెత్తలేదు.

"ఏమీ అనుకోవద్దప్పా, పెండ్లి పట్టు గదా, ఆడోళ్ళు బయపడతా ఉండారు," అన్నాడు.

ఆ చిలపలను అన్నే లోపలినుంచి తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

అప్పుడు నాయన తానే పోయి డాక్టరును అడుగుతానన్నాడు. మంచి చిలపలు ఏరి, ఉతికిన తువాలులో మూట కట్టుకున్నాడు. తలుపుల మీద రాసినవి చదివి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకున్నాడు. డాక్టరు నెరిసిన జుట్టాయన, కన్నడంలో నెమ్మదిగా మాట్లాడేవాడు, మమ్మల్ని కసరలేదు, కూర్చోమన్నాడు. దుర్మార్గుడై ఉంటే ఇన్నేళ్ళూ ఆయన్ను తిట్టుకొని అయినా బతికి ఉందును, ఆ వీలు కూడా లేకపోయింది. నాయన చేతులు కట్టుకొని, మావాడి కన్ను ఎటువంటిదో ఈ మూట విప్పి చూపిస్తానన్నాడు. అది కుదరదు, పరీక్ష ఈ పెట్టెతోనే చెయ్యాలి అని డాక్టరు చెప్పి, ఏమి తోచిందో ఏమో, పెట్టె బల్ల మీద కుమ్మరించి, నువ్వు ఏరి చూపించు అన్నాడు.

నాయన ముఖం ఎంత వెలిగిందో! ముప్పై ఏళ్ళ పనితనం చూపించుకొనే అవకాశం వచ్చిందనుకున్నాడు. ఒక్కొక్క చిలపనూ కిటికీ వెలుతురుకు పట్టి, వేళ్ళ మధ్య నలిపి చూసి, తొందరపడకుండా ఏరాడు. చిగురు, చిలక, ముదురాకు, రెండు పసుపులు, గోధుమ, బూడిద. ఆఖరున ఇంకొక తేనెరంగు చిలప తీసి వాటి సరసన పెట్టి, డాక్టరు వైపు చూసి గర్వంగా నవ్వాడు.

"మావాడు ఇదొకటి వదిలేసుంటాడు సామీ, చిన్నోడు గదా," అన్నాడు.

డాక్టరు కలం కింద పెట్టేశాడు. నాయనను ఒకసారి చూసి, నా వైపు తిరిగి, నువ్వు కూడా ఏరమ్మా చూద్దాం అన్నాడు. అక్కడ ఏం జరుగుతున్నదో నాకు తెలుసు. ఇంటి చూపూ బడి చూపూ రెండూ నా చేతిలో ఉన్నాయి. కానీ తెల్లగోడలు, మేజాబల్ల, కళ్ళద్దాలాయన, అంతా బడిలాగానే ఉంది, బళ్ళో తప్పు చెబితే బెత్తం, ఒప్పు చెబితే శభాష్. నా చెయ్యి తనంతట తానే పోయి ఆకుపచ్చవన్నీ ఏరింది. లేతవీ ముదురువీ, నీలి పుట్టుకవి మూడూ కూడా. పసుపులను ముట్టుకోలేదు. ఒక్కటి కూడా తప్పు పోలేదు. డాక్టరు నా తల నిమిరాడు. ఆ తరువాత నాయనతో, ఇది వంశంలో వచ్చేది, మగపిల్లలకే వస్తుంది, ఆడపిల్లలకు రావడం బహు అరుదు, చూడు నీ కూతురికి లేదు, నీకుంది, నీ కొడుక్కుంది, దీనికి మందు లేదు, సిగ్గుపడవలసిన జబ్బు కాదు అని ఎంతో దయగా చెప్పాడు.

నాయన ఆ మాటలు విన్నాడో లేదో. నేను ఏరిన కుప్పనే చూస్తున్నాడు.

"నీలోళ్ళ బిడ్డను దీంట్లో ఏల కలిపితివి పాపా?" అని మెల్లగా అడిగాడు.

ఆయన మూట విప్పకుండానే చంకన పెట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా నన్ను ఒక్క మాట అనలేదు, దారిలో నా చెయ్యి కూడా వదల్లేదు. నాలుగు దెబ్బలు వేసి ఉంటే నా బరువు దిగేదని ఆ తరువాత ఎన్నిసార్లు అనుకున్నానో. ఎదిగి నాలుగు పుస్తకాలు చదివాక ఇంకో సంగతి అర్థమైంది. ఆ రోజు నేను కూడా మా ఇంటి తీరున ఏరి ఉంటే, ఆడపిల్లకు కూడా ఉందా అని ఆ పెద్దమనిషికి అనుమానం వచ్చేది. ఆ చిలపలు ఎందుకలా పెట్టారని అడిగేవాడు. అడిగితే నాయన చెప్పేవాడు. అన్న రైలెక్కేవాడు. అంత పనీ నా చేతిలోనే ఉండింది, నేనేమో శభాష్ అనిపించుకొని వచ్చాను.

అన్నకు ఈ సంగతి నాయన చెప్పలేదు, నేనే ఏడుస్తూ చెప్పాను. వాడు నన్ను కోప్పడలేదు. పోనీలే పాపా, మనింట్లో ఒకరన్నా పాసైనారు అన్నాడు. కోపం వచ్చినా బాగుండేది. ఆ తరువాత వాడికి వచ్చింది అనుమానం, తన కంటి మీద తనకే. నాయన, తన కన్ను తప్పని ఎవరు చెప్పినా వినేవాడు కాదు, డాక్టరుకే రంగులు తెలియవని చచ్చేదాకా వాదించాడు, అవ్వ అయితే శాపనార్థాలే పెట్టింది. అన్న వయసులో ఉన్నవాడు, లోకం మాట వాడికి పట్టింది. నీలిబానలోంచి చిలప తీసి గాలికి ఆడిస్తూ, పక్కన ఎవరూ లేనప్పుడు నన్ను పిలిచేవాడు. ఇది ఏమి రంగు పాపా, చెప్పు అని అడిగేవాడు. పందెం వేసి ఒక్కసారీ ఓడనివాడు నన్ను అడిగేవాడు! నేను చెప్పేదాన్ని. వాడు తలూపి, నేను చెప్పిన దండెం మీద వేసేవాడు. కొన్నాళ్ళకు మా దండేల మీద చిలపలు బడిపటంలో గడుల్లాగా వరసగా వచ్చాయి. అవ్వ చూసి ఎవరురా ఇట్లా కలిపిందని అరిచింది.

యుద్ధం ముగిసి రంగుపొడి డబ్బాలు మళ్ళీ వచ్చేసరికి అవ్వ లేదు, నీలిబాన ఎండిపోయి పగిలింది. అన్న ఒక నూలుమిల్లులో చేరాడు. తెల్లనూలు తప్ప ఇంకొకటి రాని షెడ్డులో కండెలు చుట్టేవాడు, అక్కడే ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. నేను చదువుకొని టీచరమ్మనయ్యాను. విధి చూడండి, చిన్నపిల్లలకు రంగుల పటం చూపించి ఇది పసుపు, ఇది ఆకుపచ్చ అని చెప్పించే పనే నాకు దొరికింది. ఏళ్ళ తరువాత అన్న కూతురి పెళ్ళికి చీరలు తీయడానికి వాడూ నేనూ పెద్ద దుకాణానికి వెళ్ళాము. గుమాస్తా పరిచిన చీరల్లో ఒకదాని కొంగు అన్న చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో పోగు నలిపాడు, వీధి వెలుతురు వైపు తిప్పాడు, వాడి పెదవులు కదిలాయి. నేను వాడినే చూస్తున్నాను, ఒక్కసారి చెప్పరా అన్నా, ఎవరింటి పిల్లో చెప్పు అని మనసులో బతిమాలుతున్నాను. వాడు కొంగు నా చేతిలో పెట్టి, ఏమి రంగు పాపా అన్నాడు. ఆకుపచ్చ అన్నా అన్నాను. సరే అని పక్కకు తీసి పెట్టించాడు. ఇప్పుడేదో చెప్పబోయావు కదా అని అడిగితే, నాకేమి తెలుసులే, పాసైనదానివి నువ్వు అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, నిజంగానే అన్నాడు.

ఇప్పుడు ఆ సందులో మగ్గాల చప్పుడు లేదు, ప్లాస్టిక్ సామాను గోదాములు వచ్చాయి. కంటి పరీక్షకు ఉన్ని చిలపలు ఏరమని ఎవరూ అనరు, చుక్కల బొమ్మల పుస్తకం చూపిస్తారు. రంగులకు నెంబర్లు వచ్చాయి, యంత్రం చూసి చెబుతుంది, రెండు చిలపలు తేడా రావడమంటూ లేదు. మంచిదే. మా అన్నకు జరిగినట్టు ఇంకొకరికి జరగదు. కానీ అటువంటి కన్ను కూడా ఇక పుట్టదు. పోయిన ఏడాది, ఏదో పిచ్చితనం, కుట్టుపెట్టెలోని దారపు ఉండలన్నీ మంచం మీద పోసుకొని, అవ్వ పద్ధతిలో ఏరదామని కూర్చున్నాను. ఎంత సేపు చూసినా పుట్టిల్లు కనబడలేదు. పసుపు పసుపులాగానే, ఆకుపచ్చ ఆకుపచ్చలాగానే నిలబడ్డాయి. చిన్నప్పుడు రెండు చూపులూ నావే అనుకున్నాను, వాడనిది ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు.

మా అన్న కంటికి ఏ దోషమూ లేదు. ఈ మాట చెప్పగలిగినదాన్ని ఇక నేనొక్కదాన్నే మిగిలాను. చెప్పవలసిన రోజున, చెప్పవలసినాయన ముందు కూర్చొని, నేను ఆకుపచ్చ చిలపలు ఏరాను. ఇప్పుడు చెబుతున్నాను, అన్న లేడు, వినవలసినవాళ్ళు ఒక్కరూ లేరు.